గాలం వేసే ముందు నీళ్లు చూడండి

బతుకమ్మలు నీళ్లలో కలిసిన మర్నాటి నుంచి గాలంతో చేపలు పట్టడం గురించి రాసే ఈ శీర్షికకు ఉత్తరాలు పెరుగుతాయి. ఏటా ఇంతే. వానలు తెరిపి ఇచ్చి, నాగార్జునసాగర్ నుంచి కోయిల్‌సాగర్ దాకా జలాశయాలు నిండి, పొద్దుటి గాలిలో మొదటి చలి తగిలే ఈ చిత్త, స్వాతి కార్తెల్లో గాలం కర్ర ఉన్నవారికి ఇంట్లో కాలు నిలవదు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి వివరంగా, కొన్నింటికి క్లుప్తంగా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో టెక్సాస్‌లో ఉంటాడు. సెలవు రోజుల్లో అక్కడి జలాశయాల్లో బాస్, క్రాపీ అనే చేపలు పడతాడు. అక్టోబరు, నవంబరు నెలలు దానికి మంచి కాలమట. ఈసారి దీపావళికి వస్తూ కర్ర, రీలు, రబ్బరు ఎరలు అన్నీ తెస్తున్నాడు. సాగర్ బ్యాక్‌వాటర్‌లో వేద్దాం నాన్నా అంటున్నాడు. ఆ చేపలు మన దగ్గర ఉన్నాయా? ఆ సామాను ఇక్కడ పనికొస్తుందా?
(మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అయ్యా, ఆ రెండు చేపలూ మన నీళ్లలో లేవు. అవి ఉత్తర అమెరికా మంచినీటి చేపలు. అయినా మీ అబ్బాయిని నిరుత్సాహపరచకండి. అతను తెచ్చే పెట్టెలో సగం సామాను ఇక్కడ పనికొస్తుంది. అక్కడ నేర్చుకున్న విద్య మాత్రం మొత్తం పనికొస్తుంది.

ఊహించి చెప్పడం లేదు. మా అమ్మాయి కాన్పుకని వెళ్లి ఒక అక్టోబరు, నవంబరు నేను టెక్సాస్‌లోనే గడిపాను. అల్లుడు నాకు లైసెన్సు తీయించి, ప్రతి శనివారం తెల్లవారకముందే జలాశయానికి తీసుకెళ్లేవాడు. బాస్ ఒళ్లు పచ్చగా ఉంటుంది, పక్కన తల నుంచి తోక దాకా నల్లటి చార. నోరు తెరిస్తే పిడికిలి పడుతుంది. క్రాపీ అరచేయంత వెడల్పుగా, బల్లపరుపుగా, వెండి మీద నల్ల చుక్కలు చల్లినట్టు ఉంటుంది. దాని పెదవి పొర ఎంత పలచనో చెప్పలేను. మొదటి రోజు నేను మన జెల్లను లాగినట్టు లాగాను. గాలం ఒక్కటే చేతికొచ్చింది, దాని కొనకు తడి కాగితం ముక్కలాంటి పొర. అల్లుడు ఏమీ అనలేదు. తన కర్ర కొనను మెల్లగా, తలుపు గొళ్లెం తీసినట్టు, పైకెత్తి చూపించాడు. అప్పటి నుంచి నాకూ పడ్డాయి.

ఆ శనివారాల్లో నేను గమనించింది ఇది. అల్లుడు బాస్ కోసం వెతికేవాడే కాదు. షాడ్ అనే చిన్న వెండి చేపల కోసం వెతికేవాడు. వేసవిలో అక్కడి లోతైన జలాశయం పైన వేడి నీరు, అడుగున చల్లటి నీరుగా పొరలు కడుతుంది. అడుగు పొరలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. శరత్తులో రాత్రులు చల్లబడితే పై నీరు బరువెక్కి కిందికి దిగి, పొరలు కలిసిపోతాయి. ఆ కలిసే రోజుల్లో చేప చెదిరిపోయి ఎక్కడుందో అంతుపట్టదు. తరువాత షాడ్ గుంపులు వాగులు వచ్చి కలిసే పాయల్లోకి చేరతాయి. వాటి వెంట బాస్ చేరుతుంది. క్రాపీ మాత్రం మునిగిన చెట్ల కొమ్మల మధ్య, పది పన్నెండు అడుగుల లోతున గుంపుగా నిలబడుతుంది. ఒక ఉదయం పాయ మొగలో నీరు ఒక్కసారిగా పేలాలు వేగినట్టు చిటపటలాడింది. షాడ్ ఎగురుతున్నాయి, కింద నుంచి బాస్ కొడుతోంది. నాకు ఒళ్లు జలదరించింది. అచ్చం ఇదే దృశ్యాన్ని నేను డిండి ప్రాజెక్టు మీద వందసార్లు చూశాను.

మా నాన్న డిండి కాలువ మీద లస్కరు, అంటే కాలువ నీటికి కాపలా ఉండే మనిషి. నేను అదే ప్రాజెక్టు మీద గేజి రాసే పనిలో చేరి అక్కడే పదవీ విరమణ చేశాను. రోజూ పొద్దున నీటిమట్టం రాసి, కట్ట మీద కూర్చుని నీటిని చూడటం నా ఉద్యోగంలో భాగమైపోయింది. మన దగ్గర చిన్న చేప పాయల్లోకి రావడానికి చలి కారణం కాదు, వరద కారణం. దుందుభి నది పొంగి జలాశయం ఎక్కుతుంటే, ఎండాకాలం అంతా ఎండిన నేల మీద మొలిచిన గడ్డి, సర్కారు తుమ్మ పొదలు, జిల్లేళ్లు నీట మునుగుతాయి. ఆ గడ్డి కుళ్లి పురుగు పుడుతుంది. పురుగు కోసం పరకలనే చిన్న చేపలు, పరకల కోసం కొర్రమీను, వాలుగ. అక్కడి మునిగిన చెట్లు క్రాపీకి ఎలాగో, ఇక్కడి మునిగిన సర్కారు తుమ్మ మన చేపకు అలాగ.

అందుకని మీ అబ్బాయితో చెప్పండి, సాగర్‌కు వెళ్లగానే కర్ర విప్పవద్దని. ముందు అరగంట నీటిని చూడమనండి. నీటికాకులు ఎక్కడ మునుగుతున్నాయి, కొంగలు ఏ ఒడ్డున బారులు తీరాయి, లకుముకి పిట్ట ఏ కొమ్మ మీద నుంచి దూకుతోంది. అవి కూర్చున్న చోట పరకలు ఉంటాయి. ఆ రోజు నీరు ఎక్కుతోందా, దిగుతోందా కూడా కనుక్కోండి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. పైన శ్రీశైలం గేట్లు ఎత్తి ఇక్కడ మట్టం ఎక్కుతున్న రోజుల్లో చేప ఒడ్డుకు, గడ్డిలోకి వస్తుంది. కాలువలకు వదిలి మట్టం దిగుతుంటే ఒడ్డు వదిలి, పాయ మధ్యలో పాత వాగు నడిచిన లోతుకు జారుతుంది. పత్రికల్లో నీటిమట్టాలు రోజూ వస్తాయి. మూడు రోజుల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది.

ఇక సామాను. బాస్ కోసం తెచ్చే రబ్బరు కప్ప మన కొర్రమీనుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. రెండూ పొంచి ఉండి కొట్టే చేపలే. నాచు మీద కప్పను మెల్లగా, ఆపి ఆపి నడిపించాలి. కొర్రమీను నీరు చీల్చుకుని కొట్టిన క్షణంలో లాగితే కప్ప ఒట్టిగా వస్తుంది. మనసులో ఒకటి, రెండు అనుకుని అప్పుడు గట్టిగా లాగాలి. దాని నోరు ఎముక, గాలం దిగాలంటే బలం కావాలి. క్రాపీకి వాడే సన్నటి కర్ర, సన్నటి దారం, చిన్న బెండు జిలేబి (తిలాపియా) చేపకు సరిగ్గా సరిపోతాయి. చిన్న గాలానికి వానపాము ముక్క గుచ్చి పొదల పక్కన వేయమనండి. లోతుకు మునిగే ఖరీదైన ఎరలు మాత్రం పెట్టెలోనే ఉంచమనండి. సాగర్ అడుగున బండలు, తెగిపోయిన పాత వలలు ఎక్కువ, ఒక పూటలో అన్నీ పోతాయి.

దేవరకొండ మీదుగా నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీకి వెళ్లండి. అక్కడి మత్స్యకారులతో ముందుగా మాట్లాడండి. జలాశయాల్లో వేటకు మత్స్యశాఖ లైసెన్సు ఉంటుంది, చెరువుల్లో హక్కు ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. టెక్సాస్‌లో లైసెన్సు లేకుండా మీ అబ్బాయి గాలం వేయడు కదా. అక్కడ రోజుకు 25 క్రాపీలు, 5 బాస్ దాటి పట్టకూడదు. సాధారణ నియమం ప్రకారం 10 అంగుళాల కన్నా చిన్న క్రాపీని, 14 అంగుళాల కన్నా చిన్న బాస్‌ను వదిలేయాలి. ఆ కొలబద్దను కూడా పెట్టెలో వేసుకుని రమ్మనండి.

ప్రశ్న: నాకు సొంత చేపల చెరువు ఉంది. అమెరికా నుంచి వచ్చేవారితో బాస్ పిల్లలు తెప్పించి వదిలితే ఎలా ఉంటుంది?
(నల్లగొండ)

జవాబు: వద్దు. విదేశీ చేపను అనుమతి లేకుండా తేవడం నేరం కూడా. మీ చెరువు అలుగు పారిన రోజున ఆ చేప వాగులోకి, అక్కడి నుంచి మూసీకో కృష్ణకో వెళుతుంది. జిలేబి చేప మన దేశానికి 1952లో వచ్చింది. ఇప్పుడు అది లేని చెరువు చూపించండి. జపాన్‌లోనూ బాస్ బయటి చేపే, 1925లో తెచ్చి వదిలారు. 2009లో అక్కడి బివా సరస్సులో పట్టిన బాస్, అమెరికాలోని జార్జియాలో 1932లో పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల ప్రపంచ రికార్డుతో సమానంగా తూగింది. గాలం వేసేవారికి అది పండుగ వార్తే. కానీ ఆ చేప స్థానిక చేపలను మింగి పెరుగుతోందని జపాన్ ప్రభుత్వం దాన్ని పెంచడాన్ని, తరలించడాన్ని 2005లోనే నిషేధించింది. మీ చెరువులో కొర్రమీను పెంచండి. 2016లో మన రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న చేప అది. ధర కూడా మీకే బాగుంటుంది.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. దసరా సెలవుల్లో మా బాబాయి కోయిల్‌సాగర్ ఒడ్డున పెద్ద కొర్రమీనును పట్టాడు. అక్కడే నీటి మీద ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా, నీరు ఉడుకుతున్నట్టు కనిపించాయి. బాబాయి వాటి మధ్యలోనే గాలం వేశాడు. పెద్ద చేపను తెచ్చేశాం. ఆ పిల్లలు ఏమవుతాయి?
(దేవరకద్ర)

జవాబు: బాబూ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నీ ఉత్తరాన్నే ఎక్కువసార్లు చదివాను.

నువ్వు చూసిన ఎర్రటి గుంపు కొర్రమీను పిల్లలే. కొర్రమీను వానాకాలంలో గడ్డి, నాచు ఉన్న చోట నీటి మొక్కలను కాస్త తొలగించి గిన్నెలాంటి గూడు చేసుకుంటుంది. గుడ్లు తేలుతాయి. గుడ్ల నుంచి పిల్లలు వచ్చాక వాటిని తల్లిదండ్రులు వదిలి పోవు. అలా కాపలా కాసే చేపలు మన నీళ్లలో చాలా తక్కువ. పిల్లలు మొదట్లో ఎర్రగా, నారింజ రంగులో ఉండి, పెరిగేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతాయి. కొర్రమీను గాలి పీల్చే చేప, మాటిమాటికీ నీటి పైకి రావాలి. గుంపంతా ఒకేసారి పైకి వచ్చినప్పుడే నీకు నీరు ఉడికినట్టు అనిపించింది. ఆ గుంపు కింద, మూరెడు లోతున, పెద్ద చేప ఉంటుంది. దగ్గరికి ఏది వచ్చినా కొడుతుంది, కప్ప అయినా, పాము అయినా. ఆకలి వల్ల కాదు, పిల్లల కోసం. బాబాయి గాలాన్ని అది అందుకే కొట్టింది. ఆ సమయంలో దాన్ని పట్టడం చాలా తేలిక, కాబట్టే పట్టకూడదు.

తల్లిదండ్రుల్లో ఒకటి మిగిలి ఉంటే అది కాపలా కొనసాగించవచ్చు. రెండూ పోతే పిల్లలను జెల్లలు, జిలేబులు, నీటికాకులు తినేస్తాయి.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు నేనూ ఈ పని చేశాను. డిండి కట్టకు ఎడమ పక్క తుంగలో ఎర్ర గుంపు కనిపించింది. కప్పను గుచ్చి వేశాను, రెండో విసురుకే పడింది, మూడు కిలోలకు తక్కువ ఉండదు. గర్వంగా గట్టు మీద పెట్టి, రెండోదాని కోసం మళ్లీ వేశాను. అదీ పడింది. తరువాత నీడలో కూర్చుని గుంపునే చూస్తున్నాను. మొదట గుంపు బిగుతుగా, పళ్లెమంత ఉంది. కాసేపటికి ఒక పక్క సాగింది. ఎక్కడి నుంచో జిలేబులు వచ్చాయి. ఒక్కొక్కటి గుంపు అంచుకు వచ్చి, ఒక కుదుపు, వెనక్కి. మళ్లీ ఇంకో కుదుపు. మధ్యాహ్నానికి నీటి మీద ఎరుపు లేదు. మా నాన్న భోజనానికి వచ్చి రెండు చేపలనూ చూశాడు, నీటి వైపు చూశాడు. ఆ రోజు ఇంట్లో కూర వండితే ఆయన పచ్చడితో తిని లేచాడు. ఆ తరువాత నేను ఎర్ర గుంపు మీద గాలం వేయలేదు.

మీ బాబాయికి ఈ జవాబు చదివి వినిపించు. కోపంగా కాదు, మామూలుగా చదువు. చాలామందికి ఆ ఎర్రటివి కొర్రమీను పిల్లలని తెలియదు, వేరే జాతి చిన్న చేపలనుకుంటారు. తెలిసినవారు ఎక్కువమంది ఆగిపోతారు.

ప్రశ్న: జూరాల కింద నీళ్లు ఎర్రగా ఉన్నాయి. పది రోజులుగా ఒక్క చేపా తగలడం లేదు. ఇంకెన్నాళ్లు ఆగాలి?
(గద్వాల)

జవాబు: రోజులు లెక్కపెట్టవద్దు, మోచేయి లెక్క చూడండి. ఒడ్డున కూర్చుని చేతిని మోచేయి దాకా నీటిలో ముంచండి. వేళ్లు కనిపించకపోతే మెరిసే ఎరలు, రబ్బరు కప్పలు దండగ, చేపకు అవి కనపడవు. గోళ్లు కనిపిస్తే వేయవచ్చు. ఎర్ర నీటిలో వాసన పట్టి తినే చేపలే మీకు దిక్కు. అవి జెల్ల, మార్పు అనే చేపలు. వానపామును గుత్తిగా గుచ్చి, సీసపు గుండు కట్టి, వాగునీరు వచ్చి కలిసే చోట పక్కకు, వడి తగ్గిన నీటిలో అడుగుకు దించండి. వరద ఆగిన తరువాత పెద్ద జలాశయం కన్నా చిన్న పాయలు ముందు తేరుకుంటాయి. గేట్లు తెరిచి ఉన్నంత కాలం మాత్రం ప్రాజెక్టు దిగువకు వెళ్లవద్దు. చేప తగలదని కాదు, ఆ బండల మీద నిలబడినవారికి నీరు పెరిగే సంగతి పాదం తడిసే దాకా తెలియదు.

ప్రశ్న: బొచ్చె (కట్ల) చేపకు ఏ పిండి మంచిది?
(నాగర్‌కర్నూల్, హాలియా, నకిరేకల్ నుంచి ముగ్గురు)

జవాబు: నేను వాడేది చెబుతాను. రెండు పాళ్లు వేయించిన తవుడు, ఒక పాలు పల్లి చెక్క పొడి, పట్టు రావడానికి కాస్త గోధుమపిండి. నీరు కొంచెం కొంచెంగా చల్లుతూ, నీటిలో వేస్తే పొగలా విచ్చుకునేంత మెత్తగా కలపాలి. గట్టి ముద్ద కట్టకండి. బొచ్చె నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, పై నీటిలో తేలే మేతను పీల్చుకుంటుంది. కాబట్టి బెండు కింద రెండు మూడు అడుగులకు మించి దించవద్దు. రవ్వ (రోహు) చేప నడి నీటిలో, ఎర్రమోసు చేప అడుగున తింటాయి. ఒకే పిండి, లోతు మాత్రం మార్చండి. కార్తీకం దాటి చలి ముదిరితే ఇవి మేత తగ్గిస్తాయి. అప్పుడు తెల్లవారుజామున వణుకుతూ కూర్చోవద్దు, ఎండ ఎక్కాక పది గంటలకు వెళ్లండి.

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం. సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున రాత్రి గుడారం వేసుకుని, పుట్టి మీద వెళ్లి గాలాలు వేద్దామనుకుంటున్నాం. ఏ చోటు బాగుంటుంది?
(హైదరాబాద్)

జవాబు: తమ్ముడూ, చోటు తరువాత చెబుతాను. చందంపేట వైపు ఒడ్డు చాలా భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వస్తుంది. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండటం, మంట వేయడం, గాలం వేయడం కుదరదు. కృష్ణలో మొసళ్లున్నాయి. తెల్లవారి, సాయంత్రం నడుము లోతు నీటిలో నిలబడి గాలం వేసే అలవాటు ఉంటే మానుకోండి. చేపలు కడిగిన చోట, పొట్ట తీసి పారేసిన చోట అసలు దిగవద్దు.

పుట్టి గురించి. చూడటానికి పెద్ద బుట్టలా తేలికగా కనిపిస్తుంది, నడిపేవాడి చేతిలో మాత్రమే తేలిక. చాలా ఏళ్ల కిందట మేం ముగ్గురం ఒక పుట్టిలో ఎక్కాం. నడిపేది ఒడ్డున ఉండే ఒక పెద్దమనిషి. మా వాడికి వాలుగ తగిలింది. ఆనందంలో ముగ్గురం ఒకే పక్కకు ఒరిగాం. పుట్టి అంచు మీదుగా నీరు దుప్పటి పరిచినట్టు లోపలికి వచ్చేసింది. ఆ పెద్దమనిషి ‘కూర్చోండి’ అని అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కర్రలు, డబ్బాలు, నా చెప్పులు అన్నీ పోయాయి. మేం పుట్టి అంచు పట్టుకుని గంటసేపు తేలి, గాలి నెట్టిన చోట ఒడ్డెక్కాం. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఒక్కరికీ లేదు. ముగ్గురిలో ఇద్దరికి ఈత రాదు. మేం బతికి వచ్చామంటే ఆ మనిషి నీటిలోనే ఉండి మా చేతులను వదలనివ్వకుండా చూసుకోవడం వల్లే.

కాబట్టి నలుగురికీ నాలుగు లైఫ్ జాకెట్లు కొన్నాకే బయలుదేరండి. పగలు వెళ్లి చీకటి పడకముందే రండి. వైజాగ్ కాలనీ వద్ద ఒడ్డు నుంచి వేసినా మీకు చేప తగులుతుంది. తగలకపోతే అక్కడే వేడివేడిగా వేయించి పెడతారు.

ప్రశ్న: మూసీ ప్రాజెక్టులో పట్టిన చేప తినవచ్చా?
(సూర్యాపేట)

జవాబు: నేను తినను. హైదరాబాద్ మురుగు అంతా మోసుకుని ఆ నది సోలిపేట దాకా వస్తుంది. నీరు నిండుగా, తేటగా కనిపించినా నా మనసు ఒప్పదు. ఆ నది శుభ్రపడి, నా మనవడు అక్కడ పట్టిన చేపను నేను కూర వండించుకునే రోజు రావాలని నిజంగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: నేను కృష్ణ మీద వేటతో బతికేవాడిని. మీరు సరదాగా గాలం వేసేవాళ్లకే చెబుతున్నారు. మా కడుపు కొడుతున్నవి అలివి వలలు. దోమతెరల్లాంటి వలలతో చిన్న పిల్లలను కూడా ఊడ్చుకుపోతున్నారు. దాని గురించి ఎందుకు రాయరు?
(చందంపేట మండలం)

జవాబు: అన్నా, మీరు అడిగింది న్యాయం. ఇన్నాళ్లు రాయకపోవడం నా తప్పు.

తెలియని పాఠకుల కోసం చెబుతాను. అలివి వల అంటే కన్ను అతి చిన్నదిగా, వందల మీటర్ల పొడవున ఉండే వల. దాన్ని నీటిలో చుట్టి, ఒడ్డు నుంచి చాలామంది కలిసి లాగుతారు. అందులో పడని చేప అంటూ ఉండదు. వేలెడంత పిల్లలను కుప్పలుగా పోసి, ఒడ్డు మీదే ఎండబెట్టి అమ్ముతారు. ఈ వలలు నిషేధం. అయినా సోమశిల నుంచి సాగర్ దాకా అవి తిరుగుతున్నాయని పత్రికల్లో ఏటా వస్తూనే ఉంది.

ఇది శరత్తులో జరిగితే నష్టం మరీ ఎక్కువ. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది. చిన్న చెరువుల్లో 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలను, పెద్ద జలాశయాల్లో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను. వానాకాలం చివర వదిలిన ఆ బొచ్చె, రవ్వ కార్తీకానికి జానెడు కూడా ఉండదు. ఇప్పుడు ఊడ్చేస్తే పిడికెడు ఎండుచేప. వచ్చే వేసవి దాకా ఉంచితే కిలో చేప. ఆ తేడా అంతా మీ ఇంటి బియ్యం.

గాలం వేసే మా వాళ్లకూ ఇందులో వాటా ఉంది. సంచి నిండా జానెడు బొచ్చెలు పట్టి, ఫోనులో ఫొటోలు పంపుకునేవారిని నేను ఎరుగుదును. ఈ శీర్షిక చదివేవారిని చేతులు జోడించి అడుగుతున్నాను. ఈ మూడు నెలలు జానెడు చేపను ఇంటికి తీసుకువెళ్లకండి. అలివి వల కనిపిస్తే మత్స్యశాఖకు, సంఘం పెద్దలకు చెప్పండి. మీరు ఎదురు వెళ్లి గొడవ పడవద్దు. అన్నా, మీరు మీ రేవు పేరు, వీలైన రోజు రాసి పంపండి. నేను వచ్చి ఒక రోజు మీతో ఉంటాను. చూసిందంతా ఇక్కడే రాస్తాను.

ప్రశ్న: కార్తీకమాసం అంతా మా ఇంట్లో నీసు ముట్టరు. కానీ గాలం వేయాలని మనసు పీకుతుంది. పట్టి వదిలేస్తే ఆ చేప బతుకుతుందా?
(వనపర్తి)

జవాబు: బతుకుతుందమ్మా, మీరు వదిలే తీరును బట్టి. గాలం కొన వెనుక ఎదురు ముల్లు ఉంటుంది. ఇంటి దగ్గరే పట్టకారుతో దాన్ని అణచివేయండి. అప్పుడు గాలం నోటి నుంచి తేలికగా వస్తుంది. చేపను ముట్టుకునే ముందు రెండు చేతులూ తడపండి. పొడి చేతికి దాని ఒంటి జిగురు ఊడివస్తుంది, అక్కడ పుండు పడుతుంది. గట్టు మీద, ఇసుకలో పడేయకండి. మొప్పల్లో వేలు పెట్టి ఎత్తకండి. గాలం గొంతులోకి పోయి ఉంటే పీకవద్దు, దారాన్ని నోటి దగ్గరే కత్తిరించి వదిలేయండి. వదిలేటప్పుడు విసరకుండా, నీటిలో వీపు పైకి ఉండేలా పట్టుకుని, అది తోక కొట్టి తనంతట తాను మీ చేయి జారే దాకా ఆగండి. కొర్రమీను గాలి పీలుస్తుంది కాబట్టి కాస్త ఆలస్యమైనా ఓర్చుకుంటుంది. బొచ్చెకు, రవ్వకు ఆ శక్తి లేదు. వాటి ఫొటో తీసుకోవాలంటే కెమెరా సిద్ధం చేసుకున్నాకే నీటి నుంచి ఎత్తండి.